నటుడు, దాత: ఎడ్వర్డు ఆలెన్

ఇంగ్లండు దేశమును ఎలిజబెత్తు రాణి 1558వ సంవత్సరము మొదలు 1603వ సంవత్సరము వరకు పరిపాలించెను. ఆ కాలముననే ఆ దేశపు నాటకవిద్య అత్యున్నత దశ నందెను. షేక్స్పియరు మహాకవి పేరు చదువరులలో విననివా రరుదు. కాని ఆ మహాకవి నాటకములను, ఆయన సమకాలికుల నాటకములను నాటి జనులు ఎట్టి శాలలలో చూచిరి, ఎంత రుసుము చెల్లించిరి, ఎట్లు వచ్చి ఎట్లు పోయిరి అను సంగతు లెఱిగినవారు కొలదిమందియే. ఆ సంగతులలో పెక్కింటిని మనకు దక్కించినవాడు ఒక నటుడు. ఆయన పేరు ఎడ్వర్డు ఆలెన్. నాటకము చూడవచ్చిన సామాన్యుల చిల్లర డబ్బులతో వృద్ధికి వచ్చి, ఆర్జించిన ధనముతో బీదబాలురకు పాఠశాలయు, దిక్కులేని వృద్ధులకు ఆశ్రయమును నెలకొల్పి, తన కాలపు కాగితములను పదిలపఱచి పోయిన ఆ పురుషుని చరిత్రము తెలిసికొనదగినది.

ఆలెన్ 1566వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన లండను నగరపు గోడల వెలుపల, బిషప్స్‌గేటు అను ద్వారము చెంతనున్న సెయింటు బొటాల్ఫు పేటలో జన్మించెను. తండ్రి పేరును ఎడ్వర్డు ఆలెనే. తండ్రి సత్రము నడపుచుండెడివాడు. ఆ కాలమున లండనులో నాటకములకని కట్టిన శాలలు లేకుండెను. బాటసారులు దిగెడి సత్రముల నడిమి ముంగిలిలో బల్లలు పఱచి, వానినే వేదికగ జేసికొని నటులు ఆడుచుండిరి. చుట్టునున్న వసారాలలోను ముంగిలిలోను నిలిచి జనులు చూచుచుండిరి. బిషప్స్‌గేటు వీథిలోని బుల్ అను సత్రము ఇట్టి ప్రదర్శనములకు ప్రసిద్ధి చెందినది. ఆలెన్ నాలుగేండ్ల బాలుడై యుండగా, 1570లో, తండ్రి గతించెను. పదునాఱేండ్ల ప్రాయముననే, అనగా 1583 నాటికే, వూస్టరు ప్రభువు పేర నడచుచుండిన నాటక సమాజమున ఆయన పేరు కనబడుచున్నది.

నాటి నటుల స్థితి తెలిసిననే గాని ఆలెన్ సాధించిన దెంతటిదో బోధపడదు. 1572లో ఇంగ్లండు పార్లమెంటు దేశదిమ్మరులను శిక్షించుట కొక చట్టము చేసెను. గొప్ప ప్రభువుల అండ లేక ఊరూర తిరిగి నాటకము లాడెడి నటులను ఆ చట్టము దేశదిమ్మరులలో చేర్చెను. అట్టివాడు పట్టువడినచో మొదటి తప్పునకే కొరడాలతో కొట్టి, కుడిచెవిని కాల్చిన ఇనుముతో పొడువవలెనని విధించెను. అందుచే ప్రతి సమాజమును ఒక ప్రభువు పేరు పెట్టుకొని, తాము ఆయన సేవకులమని చెప్పుకొని బ్రతుకవలసి వచ్చెను. మన దేశమున నాట్యశాస్త్రము నాట్యమును పంచమవేదమని కీర్తించినను, నటవృత్తిచే బ్రతుకువారికి మన స్మృతులు గౌరవస్థాన మీయలేదు. నటుని చూచి ఆనందించువారు అనేకులు, అతనిని తమ సరసన కూర్చుండబెట్టుకొనువారు కొందఱు. ఈ విషయమున రెండు దేశములకును భేదము లేదు.

లండను నగరాధికారులకు నాటకములన్న గిట్టెడిది కాదు. జనులు గుంపుగూడినచో ప్లేగు వ్యాపించుననియు, పనులు నేర్చుకొను కుఱ్ఱవారు దుకాణములు విడిచి పరుగెత్తుదురనియు, జేబుదొంగలు చేరుదురనియు వారి ఆక్షేపణము. అందులో కొంత సత్యము లేకపోలేదు. కావున నాటకశాలలు నగరాధికారుల ఏలుబడికి వెలుపలనే వెలసినవి. జేమ్సు బర్బేజి అను నటుడు 1576లో నగరమునకు ఉత్తరమున షోర్‌డిచ్ అను చోట ఒక శాల కట్టి దానికి థియేటరు అని పేరిడెను. 1587లో ఫిలిప్పు హెన్‌స్లో అను వ్యాపారి థేమ్సు నదికి దక్షిణపు టొడ్డున మఱియొక శాల కట్టించెను. దాని పేరు రోజ్, అనగా గులాబి. ఆలెన్ కీర్తికి రంగస్థలమైనది ఈ రోజ్ శాలయే.

ఆ శాలకు నాటకము చూడబోవు టెట్లుండెనో కొంచెము తెలిసికొందము. ఆట గల దినమున శాల కప్పుమీద జెండా ఎగురవేసెడివారు. అది చూచి నది కావలి యొడ్డువారు నేడు ఆట కలదని తెలిసికొనెడివారు. లండనులో నదిపై నాడొక్కటియే వంతెన. కావున పెక్కుమంది పడవలెక్కి దాటెడివారు. నాటకముల మూలమున వందలకొలది పడవవారికి జీవనము సాగుచుండెను. దీపములతో పని లేక పగటి వెలుతురులోనే ఆట ముగియవలెను గనుక, అపరాహ్ణము సుమారు రెండు గంటలకే ఆరంభము. బాకా మూడుమారు లూదగనే జనులు మాటలు మాని వేదికవైపు తిరిగెడివారు.

వాకిట వసూలుదారు డబ్బుపెట్టెతో నిలుచుండెడివాడు. ఒక పెన్నీ వేసినవాడు నడిమి ముంగిలిలో నిలిచి చూడవచ్చును. కూర్చుండగోరువాడు మఱియొక వాకిట రెండవ పెన్నీ వేసి వసారా ఎక్కవచ్చును. మెత్తపై కూర్చుండి, తాను అందఱికిని కనబడుచు, అంతయు చక్కగ చూడదలచినవాడు ఇంకొక వాకిట మూడవ పెన్నీ వేయవలెను. 1599లో లండను చూడవచ్చిన థామసు ప్లాటర్ అను స్విట్జర్లండు యాత్రికుడు ఈ క్రమమును వ్రాసి యుంచెను. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. నేర్పుగల వడ్రంగికి లండనులో దినమునకు సుమారు ఒక షిల్లింగు కూలి దొరకెడిది. కావున తన దినకూలిలో పండ్రెండవ పాలు విడిచిన పనివాడును రాజుల కథలు, మహావీరుల కథలు కన్నులార చూడగలిగెను. చదువు రానివానికి ఇంతకంటె చౌకయైన విద్యాలయము ఆ నగరమున లేకుండెను.

రోజ్ శాల పదునాలుగు పలకలుగ నుండి దూరమునకు గుండ్రముగ కనబడెడిది. దాని అడ్డుకొలత సుమారు 72 అడుగులు. చుట్టును మూడంతస్తుల వసారాలు, వానిపై గడ్డికప్పు. నడిమి ముంగిలికి మాత్రము ఆకాశమే కప్పు. ఎండ కాసినను వాన కురిసినను ఆ భాగ్యము ముంగిలిలో నిలిచినవారిదే. ముంగిలి నేల వేదికవైపునకు వాలుగ నుండుటచే వెనుక నిలిచినవారికిని కొంతవఱకు కనబడెడిది. వేదిక జనుల నడుమకు చొచ్చుకొని వచ్చెడిది. దానికి ముందుతెర లేదు. మూడు ప్రక్కల జనులు నిలిచి చూచుచుండగా నటుడు వారి మోములు చూచుచునే ఆడవలెను. నేడు మనము చూచునట్టి చిత్రించిన తెరలు, దీపముల వింతలు నాడు లేవు. ఇది అడవి, ఇది అర్ధరాత్రము అని నటుడు తన మాటలతో తెలుపగా, మధ్యాహ్నపు టెండలో నిలిచిన జనులు చిమ్మచీకటిని మనస్సున కల్పించుకొనవలెను. స్త్రీపాత్రలను బాలురు ధరించెడివారు; మన కూచిపూడి భాగవతులలో పురుషులే స్త్రీవేషములు వేసిన సంప్రదాయ మెఱిగినవారి కిది వింత గాదు.

ఆ ముంగిలిలో ఎవరెవరు నిలిచిరని యడిగినచో, ఎవరు నిలువలేదని యడుగుట మేలు. వడ్రంగులు, చర్మకారులు, సిపాయిలు, పనినేర్చు కుఱ్ఱవారు, చేపలమ్ము స్త్రీలు అక్కడ నిలుచుండిరి. వ్యాపారులు, వారి యిల్లాండ్రు, న్యాయశాస్త్ర విద్యార్థులు వసారాల నాశ్రయించిరి. ప్రభువులకు వేదిక చేరువను ప్రత్యేకపు గదు లుండెను. ఆట సాగుచుండగనే పండ్లు, గింజలు, బీరు అమ్ముచు మనుష్యులు తిరుగుచుండిరి. హేజెల్ అను చెట్టుకాయలను కొఱికి పెంకులు క్రింద పడవేయుచు జనులు నాటకము చూచెడివారు. నచ్చినచో చప్పట్లు, నచ్చనిచో ఈలలు, కేకలు. శోకాంతమైన నాటకమైనను చివర నటులు హాస్యపు పాటయు గంతుల నృత్యమును జరిపి జనులను నవ్వించి పంపుట వాడుక. ఇట్లు గోలచేయు జనులను నిశ్శబ్దముగ నిలిపి యుంచుటకు గొప్ప కంఠమును, గొప్ప తేజస్సును కావలెను. ఆ రెండును ఆలెన్‌కు సమృద్ధిగ నుండెను.

క్రిస్టఫర్ మార్లో అను యువకవి రచించిన నాటకములు ఆలెన్ ప్రతిభకు తగిన పాత్రల నిచ్చినవి. 1398లో మన ఢిల్లీ నగరమును కొల్లగొట్టిన తైమూరు కథను మార్లో టాంబర్లేను అను పేర నాటకముగ వ్రాసెను. అందు తైమూరు తాను జయించిన రాజులకు కళ్లెములు తగిలించి తన రథమునకు కట్టించును. ఆ పాత్ర ఆలెన్‌ది. పాండిత్యగర్వమున పిశాచమునకు ఆత్మ నమ్ముకొని, ఇరువదినాలుగేండ్లు సకలభోగము లనుభవించి, తుదకు భయంకరమైన గతి పొందిన ఫౌస్టసు అను పండితుని పాత్రయు ఆయనదే. రొమ్ముపై శిలువ గుర్తుగల తెల్లని అంగీతో ఆయన ఆ వేషము ధరించెడివాడు. నాటి రచయితలు ఆయనను ప్రాచీన రోము నగరపు మహానటులతో పోల్చిరి. బెన్ జాన్సను అను కవి ఆయనను స్తుతించుచు పద్యము వ్రాసెను. మార్లో మాత్రము 1593లో ఇరువదితొమ్మిదేండ్ల ప్రాయమున కత్తిపోటునకు గుఱియై మరణించెను. కవి పోయినను ఆయన పాత్రలు ఆలెన్ కంఠమున చాలకాలము బ్రతికినవి.

నటుని శ్రమ సామాన్యమైనది కాదు. ఒకే నాటకమును వరుసగ ప్రతిదినము ఆడుట నాటి వాడుక గాదు. నేడొకటి, రేపు మఱియొకటి. 1594లో ఆలెన్ ప్రధాననటుడుగ నున్న అడ్మిరలు ప్రభువు సమాజము ఒక్క సంవత్సర కాలమున 38 నాటకము లాడెను. అందు 21 క్రొత్తవి. నాటక ప్రతిని పూర్తిగ ప్రతి నటునికిని వ్రాసి యిచ్చుట దుస్సాధ్యము గనుక, ఎవరి మాటలు వారికే వ్రాసి, ఎదుటివాని చివరి రెండుమూడు పదములు మాత్రము గుర్తుకొఱకు చేర్చి, కాగితములను అతికించి చుట్టగ చేసి యిచ్చెడివారు. ఆలెన్ వల్లించిన ఆర్లాండో అను పాత్ర కాగితపు చుట్ట నేటికిని నిలిచి యున్నది.

ఆలెన్ జీవితమున హెన్‌స్లోతోడి బాంధవ్యము ముఖ్యమైనది. 1592 అక్టోబరు 22న ఆలెన్ హెన్‌స్లో భార్యకు మొదటి భర్తవలన కలిగిన కుమార్తె యగు జోన్‌ను వివాహమాడెను. అప్పటినుండి మామ అల్లుండ్రు వ్యాపారమున పొత్తుదారులైరి. హెన్‌స్లో తన సోదరుని గనుల లెక్కలు వ్రాసిన పాత పుస్తకమునే తిరుగవేసి, మిగిలిన పుటలలో 1592 నుండి రోజ్ శాల జమాఖర్చులు వ్రాయ నారంభించెను. ఏ తేదీన ఏ నాటక మాడిరి, తన పాలు ఎంత వచ్చినది, ఏ కవికి ఎంత బయానా యిచ్చినది, ఏ నటుడు ఏ వస్తువు తాకట్టు పెట్టినది, అన్నియు అందున్నవి. అక్షరదోషములకు అంతు లేదు. కాని అంకెలు మాత్రము నిలుకడగ నున్నవి. 1592 మార్చి 3న ఆఱవ హెన్రీ అను పేరుగల క్రొత్త నాటకమునకు ఆయన పాలు 3 పౌన్ల 16 షిల్లింగుల 8 పెన్నీలు వచ్చినది. అనగా 920 పెన్నీలు. వసారాల వసూళ్లలో ఒక భాగము మాత్రమే ఆయనది గనుక ఆ దినమున శాల ఎంతగ క్రిక్కిఱిసి యుండెనో ఊహింపవచ్చును.

1598 మార్చిలో వ్రాసిన సామానుల పట్టికయు ముచ్చటయైనది. నరకపు ద్వారము ఒకటి, ఫౌస్టసు నాటకమునకు మహాసర్పము ఒకటి, తైమూరు కళ్లెము ఒకటి, రోము నగరము ఒకటి, అదృశ్యుడై తిరుగుటకు అంగీ ఒకటి అని అందున్నది. ఆ అంగీ తొడిగికొన్న నటుడు ఎదుటనే నిలిచి యున్నను, జనులు అతడు కనబడుట లేదని ఒప్పుకొనెడివారు. కవికి ఒక నాటకమునకు సుమారు 6 పౌన్లు ముట్టుచుండగా, వెండి బంగారు జరీ కుట్టిన మొఖమలు దుస్తు ఒక్కటికే 20 పౌన్లు దాటెడిది. మాట చౌక, బట్ట ప్రియము. అయినను నాలుగువందల ఏండ్ల తరువాత ఆ బట్టలలో ఒక్కటియు లేదు. ఆ మాటలు నిలిచినవి.

ఇట్లు సాగుచుండగా 1592లో నాటకశాలలు మూతపడినవి. మొదట నగరమున అల్లరులు, పిదప ప్లేగు. 1593లో లండనులో పదివేలమందికి పైగ ఆ వ్యాధికి ఆహుతియైరి. జీవనాధారము పోయిన పడవవారు రోజ్ శాలను తిరిగి తెఱపింపుడని అడ్మిరలు ప్రభువునకు అర్జీ పెట్టుకొనిరి. నటులు బండ్లు కట్టుకొని దూరపు పట్టణములకు బయలుదేఱిరి. ఆలెన్ 1593 ఆగష్టులో బ్రిస్టలు నగరమునుండి భార్యకు వ్రాసిన జాబు ఇప్పటికిని చదువువారి హృదయములను కరగించును. ఆమెను ముద్దుగ చిట్టెలుక యని పిలిచి, ఇల్లు శుభ్రముగ నుంచుకొనుమనియు, ప్రతి సాయంకాలము వాకిట నీళ్లు చల్లుమనియు, కిటికీలలో మందాకులు ఉంచుమనియు, దేవుని వేడుకొనుమనియు ఆయన వ్రాసెను. తన మేజోళ్లకు నల్లరంగు వేయింపుమని చెప్పెను. పెరటిలో కొత్తిమీర జాతికూర యున్న మడిలో సెప్టెంబరున పాలకూర విత్తనములు చల్లుమనియు జ్ఞాపకము చేసెను. వేదికపై సార్వభౌముల రథమునకు కట్టించిన మహానటుడు, వేషము విప్పినపుడు తన పెరటి కూరమడిని తలచుకొను గృహస్థుడు. హెన్‌స్లో తిరుగజాబులో తమ యిల్లు క్షేమమని వ్రాయుచు, తమ యెఱిగిన తోటినటుని భార్యయు బిడ్డలును అందఱును మరణించిరని తెలిపెను.

1594లో శాలలు తిరిగి తెఱచినవి. ఆలెన్ కీర్తి మఱింత పెరిగెను. 1597లో ఆయన వేదికనుండి విరమించెను. 1599లో షేక్స్పియరు సమాజము రోజ్ శాలకు కూతవేటు దూరముననే గ్లోబు శాల కట్టెను. పోటీ తప్పించుకొనుటకై ఆలెన్, హెన్‌స్లో నగరమునకు ఉత్తరమున ఫిన్స్‌బరీ ప్రాంతమున క్రొత్త శాల కట్ట దలచిరి. 1600 జనవరి 8న గ్లోబు శాల కట్టిన పీటరు స్ట్రీటు అను వడ్రంగి మేస్త్రీతోనే 440 పౌన్లకు ఒడంబడిక వ్రాసికొనిరి. వెలుపల 80 అడుగుల చదరము, లోపల 55 అడుగుల చదరము, వేదిక వెడల్పు 43 అడుగులు, అంతస్తుల యెత్తులు వరుసగ 12, 11, 9 అడుగులు. ఇన్ని కొలతలు ఆ పత్రమున నున్నవి. ఆ శాలకు ఫార్చ్యూను, అనగా అదృష్టము, అని పేరిడిరి. శాల వలదని కొందఱు పెద్దలు అడ్డుపడగా, ఆ పేటవాసులు అనుకూలముగ వ్రాతమూలకముగ సమ్మతి నిచ్చిరి. శాల యజమానులు పేటలోని బీదల పోషణమునకు వారమువారము ధన మిచ్చుట కంగీకరించిరనుట వారు చెప్పిన కారణములలో నొకటి. ఎలిజబెత్తు రాణికి ఆలెన్ తిరిగి వేదిక నెక్కవలెనని కోరిక గలదని మంత్రులు తెలుపగా ఆయన మఱికొన్నియేండ్లు నటించెను. రాణి అనంతరము 1604లో జేమ్సు రాజు లండను నగర ప్రవేశము చేసినపుడు నగరదేవత వేషమున స్వాగతవచనములు పలికినవాడును ఆలెనే. పిదప ఆయన నటన పూర్తిగ విడిచెను.

ఆలెన్ ధనమంతయు నాటకముల వలననే వచ్చినదనుట సరిగాదు. ఎలుగుబంట్లను కంబమునకు కట్టి వానిపైకి కుక్కలను ఉసికొల్పు క్రూరమైన వినోదము నాడు లండనులో నడచుచుండెను. ఆలెన్, హెన్‌స్లో దానిని నడపిరి. 1604లో అందుకు రాజుగారి అధికారపదవియు సంపాదించిరి. హెన్‌స్లో వడ్డీవ్యాపారము చేసెను. నటులను అప్పులలో ముంచి తన చెప్పుచేతలలో నుంచుకొన్నాడని 1615లో నటులే ఆయనపై ఫిర్యాదు వ్రాసిరి. ఆలెన్ ఇండ్లు, భూములు కొని అద్దెలు పొందెను. ఈ సంగతులు దాచిన చరిత్రము చరిత్రము కానేరదు. ధనము వచ్చిన త్రోవ అంతయు నిర్మలమైనది కాకపోయినను, అది పోయిన త్రోవ మాత్రము ఆయన స్వయముగ ఎన్నుకొన్నది.

1605లో ఆలెన్ లండనుకు దక్షిణమున డల్విచ్ అను గ్రామపు జమీని కొనెను. 1614 వఱకు కొంచెము కొంచెముగ చేర్చుచు సుమారు పదివేల పౌన్లు వెచ్చించెను. పెన్నీలలో లెక్కించినచో అది 24 లక్షలు. సంతానము లేని ఆ దంపతులు ఆ ఆస్తిని ధర్మమునకు వినియోగింప నిశ్చయించిరి. మందిరము కట్టి, 1616 సెప్టెంబరు 1న, అనగా ఆలెన్ ఏబదియవ జన్మదినమున, దానికి ప్రతిష్ఠ జరిపించిరి. కాని సంస్థకు రాజశాసనము సులభముగ రాలేదు. నాటి ప్రధాన న్యాయాధికారియు, తత్త్వవేత్తయు నగు ఫ్రాన్సిసు బేకను, దేశమున ఇట్టి ధర్మశాలలు చాలినన్ని గలవనియు, విశ్వవిద్యాలయములకు ధన మిచ్చుట మేలనియు తలచి కొంతకాలము ఆపెను. ఆలెన్ విడువక తిరిగి తిరిగి 1619 జూన్ 21న శాసనమును పొందెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 13న దైవదత్త కళాశాల యను పేర సంస్థ స్థాపితమయ్యెను.

అందు ఆఱుగురు బీదవృద్ధులకు, ఆఱుగురు బీదవృద్ధురాండ్రకు, పండ్రెండుగురు బీదబాలురకు స్థాన మేర్పడెను. వృద్ధులకు కూడుగుడ్డలు, బాలురకు చదువు. వీరిని ఎచటనుండి చేర్చుకొనవలెనో ఆలెన్ నిర్ణయించిన రీతి గమనింపదగినది. నాలుగు పేటలకు ఆయన సమానముగ పాలు పంచెను. సెయింటు బొటాల్ఫు పేట ఆయన పుట్టినది. సెయింటు సేవియరు పేట రోజ్ శాల యున్నది. క్రిపుల్‌గేటు పేట ఫార్చ్యూను శాల యున్నది. కాంబర్‌వెల్ పేట డల్విచ్ గ్రామము చేరినది. ఏ వీథుల జనులు పెన్నీలు వేసి తనను నిలిపిరో ఆ వీథుల బీదలకే ఆయన తన సంపద నప్పగించెను. చట్టము దేశదిమ్మరి యని పేర్కొన్న వృత్తివాడు దిక్కులేనివారికి ఇల్లు చూపెను. ఫౌస్టసు నాటక మాడుచుండగా వేదికపై నిజమైన పిశాచము కనబడెననియు, ఆ భయముచే ఆలెన్ ధర్మకార్యమునకు పూనెననియు పిమ్మట నొక కట్టుకథ పుట్టెను. నటుడు తన బుద్ధిచే దానము చేయునని నమ్మలేనివారికి పిశాచమే కారణముగ తోచెను కాబోలు.

తుదిదినములలో ఆలెన్ డల్విచ్‌లోనే కాపురముండి, సంస్థ వ్యవహారములను తానే చూచుకొనుచు, 1617 నుండి 1622 వఱకు దినచర్యయు జమాఖర్చులును వ్రాసెను. 1621 డిసెంబరు 9 రాత్రి ఫార్చ్యూను శాల తగులబడి బూడిదయయ్యెను. దుస్తులును నాటక ప్రతులును అందు దగ్ధమైనవి. ఆలెన్ ఆ నష్టమును తన దినచర్యలో ఒక్క పంక్తిలో వ్రాసికొని, శాలను ఇటుకలతో తిరిగి కట్టింప పూనుకొనెను. 1623 జూన్‌లో భార్య జోన్ గతించెను. ఆ సంవత్సరాంతమున ఆయన ప్రసిద్ధకవియు మతాచార్యుడు నగు జాన్ డన్ కుమార్తె కాన్‌స్టన్సును వివాహమాడెను. 1626 నవంబరు 25న అఱువదవ యేట ఆలెన్ దివంగతుడై డల్విచ్ మందిరముననే సమాధి చేయబడెను.

1642లో ఇంగ్లండు పార్లమెంటు నాటకశాలల నన్నిటిని మూయించెను. 1649లో ఫార్చ్యూను శాల లోపలి భాగమును సిపాయిలు పడగొట్టిరి. రోజ్ శాల అంతకు ముందే నేలమట్టమై, దానిపై ఇండ్లు లేచినవి. షేక్స్పియరు సమాజపు జమాఖర్చులు ఏమైనవో జాడ లేదు. డల్విచ్‌లో మాత్రము హెన్‌స్లో లెక్కల పుస్తకము, ఆలెన్ జాబులు, ఫార్చ్యూను ఒడంబడిక, పడవవారి అర్జీ, ఆర్లాండో కాగితపు చుట్ట నిలిచినవి. 19వ శతాబ్దమున ఒక పండితుడు పేరాసచే అందు కొన్ని దొంగవ్రాతలు చేర్చెను. తరువాతివారు వానిని పసిగట్టి వేఱుచేసిరి. 1989లో లండనులో ఒక మేడకు పునాదులు త్రవ్వుచుండగా రోజ్ శాల అడుగుభాగము బయటపడెను. వేదికవైపు వాలిన ముంగిలి నేలయు, హేజెల్ కాయల పెంకులును, పగిలిన మట్టి హుండీల ముక్కలును అందు కనబడినవి. కాగితము చెప్పిన సాక్ష్యమునకు మన్నును సాక్ష్యము పలికెను.

ఆలెన్ నెలకొల్పిన పాఠశాలయు వృద్ధాశ్రమమును నాలుగు శతాబ్దములు గడచినను నేటికిని డల్విచ్‌లో నడచుచున్నవి. ఆయన కంఠము విన్నవా రెవరును నేడు లేరు. నటుని కళ ఆతనితోనే పోవును. అయినను ఆయన దాచిన పుస్తకములును పెంచిన సంస్థయు నిలిచి, ముంగిలిలో నిలిచి ఒక పెన్నీ వేసిన పేరులేని జనుల జ్ఞాపకమును కూడ నిలిపినవి. ఉడుతాభక్తిగ పదిమంది వేసిన చిన్న కాసులు ఒక యోగ్యుని చేతబడినచో ఎంతకాలము ఫలించునో, జాగ్రత్తపఱచిన ఒక్క లెక్కల పుస్తకము ఎన్ని తరములకు వెలుగు చూపునో ఈ చరిత్రము తెలుపుచున్నది. చిన్న చందాలతో నిలిచి, పుస్తకములను కాపాడుటయే వ్రతముగ గల ప్రతి గ్రంథాలయమునకును ఎడ్వర్డు ఆలెన్ ఆత్మబంధువు.